కత్తెర పట్టని టైలరమ్మ

ఊరేగింపుకు బ్యానరు కుట్టమని పిల్లలు తెచ్చిన గుడ్డను చిన్న టైలరమ్మ వాళ్ల మొహానే విసిరికొట్టిందనీ, ‘ఆడదానికి ఆడదానితో పెళ్లేమిటి, సిగ్గులేకపోతే సరి’ అని షట్టరు దించేసిందనీ వీధంతా ఒకటే గుసగుస. ఆడిపోసుకునే నోటికి నిజంతో పనేముంది? జరిగింది వేరు.

ఆ కొట్లో ఇద్దరుండేవారు. పెద్దావిడ కొలతలు తీసి కత్తిరించేది, చిన్నావిడ మిషను మీద కుట్టేది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టి ఎరగరు. పెద్దావిడది నోరు కూడా కత్తెరే. “పోయినసారి కొలతలే వెయ్యమంటావా తల్లీ? నీ నడుం ఒప్పుకోవాలిగా!” అని కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను ఆటపట్టిస్తే, చిన్నావిడ మిషను మీద వాలి నవ్వేది. పాతికేళ్లు ఒకే పొయ్యి, ఒకే మంచం. వాళ్లను వీధంతా అక్కాచెల్లెళ్లనుకుంది. వాళ్లూ కాదనలేదు.

పెద్దావిడ జబ్బుపడి ఆస్పత్రిలో చేరినప్పుడు, “ఏమవుతారు?” అని గుమ్మంలో నర్సు అడిగితే, చిన్నావిడ అలవాటు కొద్దీ “చెల్లెల్ని” అంది. లోపలికి పంపారు. చివరిదాకా మంచం పక్కనే కూర్చుంది. ప్రాణం పోయాక, ఏనాడూ తొంగిచూడని పెద్దావిడ అన్నగారు ఊడిపడ్డాడు.

“మా అమ్మకు మేమిద్దరమే. ఇదెక్కడి చెల్లెలు?”

అంతే. దొంగను నిలబెట్టినట్టు ఆమెను బయట నిలబెట్టారు. శవాన్ని వ్యానెక్కించుకుపోయారు. ఎక్కడ సాగనంపారో ఈనాటికీ ఆమెతో చెప్పిన పాపాన పోలేదు ఎవరూ.

ఇప్పుడేమో ఆడా ఆడా, మగా మగా పెళ్లాడే హక్కు కావాలని ఊరేగింపు. ఆ పిల్లలు గుడ్డ తాను తెచ్చి బల్ల మీద పెట్టారు.

“అత్తా, బ్యానరు కుట్టిపెట్టు. నువ్వూ మాతో ముందు నడవాలి.”

“కత్తిరించి తెండి, కుడతాను,” అంది ఆమె.

వాళ్లకది వంకలా తోచింది. టైలరమ్మకు కత్తిరించడం రాదంటే ఎవరు నమ్ముతారు? ముఖాలు మాడ్చుకుని గుడ్డ తీసుకుపోయారు. పెద్దావిడ పోయాక ఆ కత్తెరను ఈమె తాకనే లేదని వాళ్లకేం తెలుసు? షట్టరు దించింది ఏడుపు ఆపుకోలేక.

ఊరేగింపు రోజున కొట్టు మళ్లీ తెరిచే ఉంది. ఊరేగింపు వీధి మలుపు తిరిగింది. కేకలు దగ్గరవుతున్నాయి. పక్క పాలకొట్టావిడ ఇక ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చింది.

“ఏమే, దాచకుండా చెప్పు. పోయిన పెద్దావిడ నీకేమవుతుంది? వెళ్లి ఆ మాటేదో వాళ్లతో పాటు నువ్వూ అనరాదూ?”

చిన్నావిడ మిషను ఆపలేదు, తలెత్తలేదు.

“పెళ్లాం అవుతుంది పిన్నీ. ఆ మాట ఆస్పత్రి గుమ్మంలో అనుంటే అప్పుడే గెంటేసేవారు. అనలేదని తర్వాత గెంటేశారు. పాపం, పిల్లల్ని అరవనియ్యి, వాళ్లకైనా పనికొస్తుంది. నేను మాత్రం హక్కొచ్చాక ఎవరి పక్కన నిలబడను?”