మా ఇంట్లో ఎవరిది వాళ్ళు అడక్కూడదు

మా చిన్నప్పుడు... దీపాలు పెట్టే వేళకి మామ్మ సావిట్లో చాప పరిచేసేది. ఆ వేళకి కరెంటు ఎలాగూ ఉండేది కాదు. లాంతరు చుట్టూ అమ్మ, నాన్న, నేను, తమ్ముడు... మోకాళ్ళ మీద. రాజోలు దగ్గర కొబ్బరితోటల మధ్య ఇల్లు మాది. రోజూ అక్కడే మా కుటుంబ ప్రార్థన.

మామ్మంటే నాన్నకి అమ్మ. ప్రార్థనకి ఆవిడ పెట్టిన రూలు ఒకటుండేది... ఎవరికోసం వాళ్ళు అడుక్కోకూడదు. పక్కవాళ్ళకి ఏం కావాలో చూసి, వాళ్ళకోసం అడగాలి.

"నీ సంగతి నువ్వే చూసుకుంటే ఇంక ప్రభువెందుకే? ఎదటోళ్ళకి అడుగు. నీకేం కావాలో ఆయనే ఎవరో ఒకరి నోట పెడతాడు" అనేది.

నిజంగానే పెట్టేవాడండీ! నా చెప్పులు తెగిపోయి, పిన్నీసు గుచ్చుకుని బడికి వెళ్తున్న రోజుల్లో తమ్ముడు ఓ సాయంత్రం "ప్రభువా, అక్కకి చెప్పులియ్యి" అన్నాడు. నాన్న కళ్ళు మూసుకునే విన్నారు. సంతరోజుకి కొత్త చెప్పులొచ్చాయి. "చూశావా, ఇచ్చేడు!" అని మామ్మ ఒకటే మురిసిపోవడం.

ఇంకేముంది... మాకు కిటుకు దొరికింది. పెరట్లో బేరాలు మొదలెట్టాం.

"నాకు పట్టీలు అడగరా, నీకు బ్యాటు అడుగుతాను."

"ముందు నువ్వడుగు. మొన్న రిబ్బన్లు అడిగించుకుని నాకు ఎగ్గొట్టేవు!"

దేవుడి దగ్గర కూడా చేబదుళ్ళే... ఏం వెధవ వేషాలో!

పాపం, మామ్మకి బేరమాడుకోడానికి ఎవరూ లేరు. "నీకేం అడగమంటావు మామ్మా?" అంటే "నాకేం వద్దులే... నాకేం తక్కువ" అనేది. హమ్మయ్య, ఓ పని తప్పింది అనుకునేవాళ్ళం. చివర్లో "మామ్మని దీవించు" అని గబగబా అనేసి, ఆమేన్ చెప్పి అన్నం దగ్గరికి పరుగు.

ఇప్పుడు తలుచుకుంటే అంతా మా ఎదుటే జరిగింది. బియ్యంలో రాళ్ళు ఏరే పని నాకు అప్పగించేసింది... నేను విసుక్కున్నాను. "చదువుకునే పిల్లోడివి, నువ్వు చదవరా" అని బైబిలు తమ్ముడి చేతికిచ్చేసింది... మనవణ్ణి తయారు చేస్తోందని నాన్న పొంగిపోయారు. కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుర్లు మాత్రం ఎప్పట్లాగే కట్టేది. ఆ పనికి ఆవిడకి వేళ్ళు చాలు, చూపు అక్కర్లేదు. మాకేం తెలుసు?

ఓ ఉదయం కాలువ రేవులో మెట్టు తప్పి పడిపోయింది. దెబ్బ చిన్నదే. "మెట్టు కనపళ్ళేదా అమ్మా?" అని నాన్న అడిగితే, "ఈ మధ్య ఏదీ సరిగ్గా కనపట్టంలేదురా" అంది నెమ్మదిగా. ఆ రోజే అమలాపురం తీసుకెళ్ళాం. డాక్టరుగారు కళ్ళల్లోకి లైటు వేసి చూశారు.

"నీటికాసులండీ, గ్లకోమా అంటారు. ముందే తీసుకొచ్చుంటే ఆపేవాళ్ళం. పోయిన చూపు ఇంక రాదండీ" అన్నారు.

తిరుగు బస్సులో నాన్న చంటిపిల్లాడిలా ఏడ్చారు. "ఒక్కసారి చెప్తే ఏం పోయేదమ్మా?"

"ఎలా చెప్తాన్రా... ఆ పద్ధతి పెట్టిందే నేను కదా" అంది మామ్మ. "రోజూ చెవులు రిక్కించుకుని వినేదాన్ని... ఇయ్యాళన్నా ఎవరో ఒకరు నా కళ్ళకోసం అడుగుతారేమోనని. ఎవరూ అడక్కపోయేసరికి, ప్రభువు మీ నోట పెట్టలేదు, నాకు అక్కర్లేదేమోలే అనుకున్నాను."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుందండీ. ఆయన పెట్టే ఉంటాడు. మా నోళ్ళే ఖాళీగా లేవు... పట్టీలతో, బ్యాట్లతో నిండిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రం చాప మీద అందరం మామ్మ కళ్ళకోసమే అడిగాం, ఏడుస్తూ అడిగాం. మామ్మ కాసేపు విని, చేత్తో తడుముకుని తమ్ముడి తల పట్టుకుంది. "ఇంక చాల్లే. రేపు వీడికి లెక్కల పరీక్ష... అది అడగండి" అంది.

మామ్మ పోయింది. ఆ చాపా పోయింది. ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో ఎవరి అవసరం వాళ్ళే టైపు చేసుకుంటున్నాం. మిగతావాళ్ళం చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి, పక్క మెసేజీకి వెళ్ళిపోతున్నాం. టైపు చెయ్యని మనిషి సంగతి మాత్రం అప్పుడూ ఎవరికీ పట్టలేదు, ఇప్పుడూ పట్టడంలేదు.

మొన్న ఆదివారం మా అమ్మాయి "నీకేం అడగనమ్మా?" అంది. "నాకేం వద్దులే..." నా నోట్లోంచి అచ్చం మామ్మ గొంతే వచ్చింది! ఉలిక్కిపడ్డాను. "లేదు తల్లీ... మోకాళ్ళు నొప్పులు పుడుతున్నాయి, అడుగు" అన్నాను.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు కదూ... "నాకేం వద్దులే" అనే మనిషి? ఎవరో చెప్పండి. కానీ ఆ మాట మాత్రం నమ్మకండి.