చెమ్మ గోడ మీద బాతుల మంద

మా ముందు గదిలో తూర్పు గోడకు చెమ్మ. అవతల స్నానాల గది. పైపు ఎక్కడ కారుతోందో చూడమంటే ముగ్గురు ప్లంబర్లు వచ్చి, మూడు చోట్లు చూపించి వెళ్ళారు. ప్రతి వానాకాలం ఒక గోధుమరంగు మచ్చ లేస్తుంది. ఎండలు ముదిరేసరికి పెచ్చులుగా రాలుతుంది. పదకొండేళ్ళుగా మా అత్తగారు దాని మీద ఒక పూల దుప్పటి వేలాడదీసి, ఎవరైనా వస్తే అటువైపు ముఖం పెట్టి కూర్చోకుండా కుర్చీలు సర్దుతూ వచ్చారు.

మా వట్లూరు పేటలో డిసెంబరు రాగానే సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి. అసలు పండుగకు ముందే ఇంటింటా వంతులవారీగా ఒక చిన్న పండుగ. పాటలు, ప్రార్థన, కేకు, ఆ పైన బిర్యానీ. ఎవరి వంతు వస్తే వాళ్ళ ఇంటిని అందరూ గుమ్మం నుంచి పెరటి దాకా చూస్తారు. చూసి ఏమీ అనరు. ఆ అనకపోవడమే మనం భరించలేం.

ఆ ఏడు మా వంతు వచ్చింది. సంగతి తెలిసి తాడేపల్లిగూడెం నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. మా మరిది భార్య, నాకన్నా చిన్నది. మనసు మంచిది, అదే కష్టం.

"అక్కా, మాకు డెకరేషన్ చేసినవాళ్ళ నంబరు పంపిస్తానండి. ఒక్క పూటలో బెలూన్ల ఆర్చీ, ప్లాస్టిక్ పూల తెర అన్నీ పెట్టేస్తారు. మీ గోడ అసలు కనపడదండి."

నాకు ఒళ్ళు మండింది. "మా గోడ కనపడాలనే ఉందమ్మా. నేనే దాని మీద బొమ్మ వేస్తున్నాను" అనేశాను. ఆ క్షణం దాకా అలాంటి ఆలోచనే నాకు లేదు. నా నోరు ఎప్పుడూ నాకన్నా ఒక అడుగు ముందే ఉంటుంది.

పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు అంతా విన్నారు. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. గొంతు పెంచకుండానే మనిషిని నిలబెట్టగలరు.

"వెయ్యమ్మా. కూడిక ఆదివారం. ముందురోజు పొద్దున్న గేటుకి రంగెయ్యడానికి మేస్త్రిని రమ్మన్నాను. ఆయన వచ్చేసరికి నలుగురూ చూసేటట్టుంటే ఉంచుదాం. లేదంటే గేటు కంటే ముందు ఆ గోడకే తెల్లరంగు కొట్టించేస్తాను."

నాకు మూడు వారాల గడువు దొరికింది.

నేను ఏలూరుకు అవతల, దెందులూరు వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెబుతాను. బొమ్మల్లో నా అనుభవమల్లా బోర్డు మీద సుద్దముక్కతో కప్ప జీర్ణవ్యవస్థ, మందార పువ్వు నిలువుకోత. ఆ ధైర్యంతోనే దుప్పటి పీకేసి, గోడ గీకి, ఉప్పుకాగితం పట్టాను. ఇల్లంతా తెల్లటి దుమ్ము. మావారు ముక్కుకు తువ్వాలు కట్టుకుని వచ్చి, ఏం సాయం చెయ్యమంటావని అడిగి, నేను చెప్పేలోగా టీ పెట్టడానికి వెళ్ళిపోయారు.

లప్పం పెట్టి ప్రైమర్ వేశాను. గోడ పెళ్ళికూతురిలా తెల్లగా మెరిసింది. మూడో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి ఆ తెలుపులోంచి మచ్చ మళ్ళీ బయటికి వచ్చేసింది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఫోన్ తీసి తోడికోడలు పంపిన డెకరేషన్ వాళ్ళ నంబరు దాకా వెళ్ళాను కూడా.

అలా చూస్తూ కూర్చుంటే ఆ మచ్చ నాకు కొల్లేరులా కనపడింది. వంకర అంచులు, ఒక పక్కకు సాగిన పాయ, నడుమ లంకల్లాగా అక్కడక్కడ తెల్లటి చోట్లు. పదకొండేళ్ళుగా దాచుకున్నది చెరిపెయ్యాల్సిన పనే లేదు, దానికే కొల్లేటి నీళ్ళ రంగు వేస్తే సరిపోతుంది. గోధుమరంగు అంచు చెరువు గట్టు అవుతుంది. ఆ సాయంత్రమే తెల్లరంగులో కలిపే స్టెయినర్ ట్యూబులు తెచ్చి నీలం, ఆకుపచ్చ కలిపాను. మచ్చను ఎక్కడా దాటలేదు, ఎక్కడా తగ్గించలేదు.

కొల్లేరు వచ్చాక మిగిలింది దానంతటదే వచ్చింది. గట్టు మీద కిక్కిస గడ్డి పాక, అందులో తల్లీ బిడ్డా. పైన నక్షత్రం. గొర్రెల కాపరులుండాల్సిన చోట బాతుల కాపరి. కోతలైపోయిన చేలల్లో రోజూ నేను స్కూలుకు వెళ్ళే దారి పొడవునా బాతులే మరి.

"బైబిల్లో బాతులెక్కడున్నాయోయ్?" అన్నారు మావారు.

"ఏలూరులో ఒంటెలెక్కడున్నాయండీ? ఏటేటా పశువులపాక పక్కన పెట్టడం లేదూ?" అన్నాను. ఆయన మళ్ళీ టీ పెట్టడానికి వెళ్ళారు.

బంగాళాదుంపను సగానికి కోసి, బాతు ఒంటి ఆకారం చెక్కి, రంగులో ముంచి గోడకు అద్దాను. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ముక్కులు దిద్దాను. నలభై మూడు బాతులు, వరసగా, కొంచెం అటూ ఇటూ తూలుతూ. వాటి ముందు తలపాగా, చేతికర్రతో దర్జాగా నడిచే కాపరి. ఎంత బాగా కుదిరిందో నాకే నమ్మకం కుదరలేదు.

ఇన్ని రోజుల్లో అత్తగారు ఒక్కసారి కూడా గోడ వంక చూడలేదు. ఆ గదిలోంచి వెళ్ళేటప్పుడు ముఖం తిప్పుకునేవారు. కొల్లేటి పేరెత్తితే ఆవిడ ఎప్పుడూ అంతే. పుట్టిల్లు ఒక కొల్లేటి లంక అని మాకు తెలుసు. వాళ్ళ నాన్న ఏం చేసేవారని అడిగితే "వ్యవసాయం" అని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

గడువుకు రెండు రోజుల ముందు, గురువారం, నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నారు. గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఈ మనిషి తప్పు" అన్నారు.

నాకు చర్రున కోపం వచ్చింది. "ఏం తప్పండీ?"

"బాతుల ముందు ఎవరూ నడవరమ్మా. ముందు నడిస్తే వెనకాల ఎన్ని తప్పిపోయాయో ఎవరు చూస్తారు? మనిషి వెనకాలే ఉండాలి. కర్ర కూడా ఇది కాదు. పొడుగు వెదురు, చివర గుడ్డ పీలిక. అది కొట్టడానికి కాదు, ఊపడానికి."

"మీకెలా తెలుసండీ?"

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు.

"మా నాన్న బాతులు కాసేవారమ్మా. నన్ను ఎనిమిదో ఏట హాస్టల్లో వేశారు. ఒకసారి మందతో అటుగా వెళ్తూ నన్ను చూడడానికి వచ్చి, బాతులన్నిటితో గేటు దగ్గర నిలబడ్డారు. పిల్లలంతా నన్ను బాతుల పిల్లా, బాతుల పిల్లా అన్నారు. ఇంకెప్పుడూ ఇలా రావద్దని నేనే చెప్పాను. తర్వాత ఎప్పుడొచ్చినా ఉతికిన చొక్కా వేసుకుని ఒక్కరే వచ్చేవారు. బాతులు ఏవీ అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న స్కూలుకు వెళ్తూ స్కూటీ ఆపి చూశాను. కోసిన చేలో మంద ముందు వెళుతోంది, మనిషి వెనకాల నడుస్తున్నాడు, వెదురు చివర పీలిక ఊగుతోంది. ఏళ్ళ తరబడి అదే దారిన వెళుతూ నేను చూడనేలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో చూసిన పటంలో కాపరి గొర్రెల ముందు నడుస్తాడు, నా కళ్ళలో ఆయనే ఉండిపోయాడు. చుట్టూ ఉన్నదాన్ని కళ్ళు తెరిచి చూడమని పిల్లలకు చెప్పే బయాలజీ టీచర్ని నేను. సిగ్గేసింది.

ఆ సాయంత్రం పని మళ్ళీ మొదలుపెట్టాను. దర్జా కాపరి మీద కిక్కిస పొద వేసి కప్పేశాను. నలభై మూడో బాతు వెనకాల కొత్త మనిషి లేచాడు. అత్తగారు కుర్చీ గోడ ముందుకు జరుపుకున్నారు.

"పంచె అంత తెల్లగా ఉండదమ్మా. మోకాళ్ళ దాకా బురద వెయ్యి. తువ్వాలు ఎడం భుజం మీద. మరీ అంత వంగరు."

ఆవిడ చెప్పడం, నేను దిద్దడం. చివరికి వెదురు కొస దగ్గర ఆగమని చెప్పి, కుంచె తనకిమ్మన్నారు. ఎర్రరంగు ముంచి పీలిక తానే వేశారు.

"ఎర్రదాండీ?"

"మా అమ్మ చీర."

శనివారం పొద్దున్న మేస్త్రి గేటు రంగుతో పాటు అత్తగారు తెమ్మన్న తెల్లరంగు డబ్బా, బ్రష్షులతో దిగాడు. గోడ చూసి కాసేపు నిలబడి, "తెల్లరంగు ఏ గోడకండీ అమ్మగారూ?" అని అడిగాడు.

"ఏ గోడకీ లేదు బాబూ. గేటుకి వేసి వెళ్ళండి" అన్నారు అత్తగారు.

గెలిచాను. ఆ మాట పైకి అనలేదు గాని, గేటుకు రంగు ఆరే దాకా ఇంట్లో నేను నడిచిన నడక చూసి మావారు నవ్వుతూనే ఉన్నారు. మిగతా అలంకారం చకచకా అయిపోయింది. కిక్కిస పుల్లలతో నక్షత్రం కట్టాం. సరుగుడు కాయలకూ ఎండిన తామర కాయలకూ వెండిరంగు పూసి కిటికీలకు వేలాడదీశాం. గోడ కింద వరిగడ్డి పరిచాం. పూల దుప్పటి కేకు బల్ల మీద గుడ్డయింది.

ఆదివారం సాయంత్రం గది నిండిపోయింది. మా తోడికోడలు చెప్పులు విడుస్తూనే గోడ చూసి, ఒక కాలి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. "అక్కా, మా హాల్లో కూడా వేస్తారాండీ?" అంది నెమ్మదిగా. చూద్దాంలే అన్నాను, డెకరేషన్ వాళ్ళు ఉన్నారుగా అని కూడా అన్నాను. అంత మంచిదాన్ని కాదు నేను.

పాస్టరుగారు పాటలయ్యాక గోడ దగ్గరికి వెళ్ళి చూశారు. "గొర్రెలుండాల్సిన చోట బాతులున్నాయేంటమ్మా?" అని నన్ను అడిగారు. జవాబు సిద్ధంగా ఉంది, నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి ఇంకొకరు నా నోటికన్నా ముందున్నారు.

అత్తగారు లేచి నిలబడ్డారు. "ఆ వెనకాల ఉన్నది మా నాన్నగారండి. మాది కొల్లేటి లంక. ఆయన బాతులు కాసేవారు. నేను బాతుల పిల్లనండి."

అప్పుడు వెనక వరసలోంచి స్త్రీల సమాజం పెద్దావిడ ఒకరు, "మా మేనమామ కూడా కాసేవారండి" అన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. పాస్టరుగారు ఆ సాయంత్రం చెప్పాలనుకున్నది పక్కన పెట్టి, కాపరుల భాగం తీసి చదివారు.

తర్వాత వానాకాలం మచ్చ మళ్ళీ పెరిగింది. కొల్లేరు పొంగి ముందున్న బాతుల కాళ్ళ దాకా వచ్చింది. నాలుగో ప్లంబరును పిలుద్దామని మావారు అంటే, ఆ గోడ జోలికి వెళ్ళొద్దని అత్తగారు చెప్పారు. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా కుర్చీ ఆవిడే తెచ్చి తూర్పు గోడకు ఎదురుగా వేస్తారు. వాళ్ళు మంచినీళ్ళు తాగడం పూర్తికాక ముందే అడుగుతారు, "ఆ వెనకాల నడుస్తున్నారే, ఆయన ఎవరో తెలుసాండీ?"