అత్త అడిగిన చద్దర్లు

మా బాపుకూ మా అత్తకూ మధ్య నేను టెలిఫోను తీగనై చాలా ఏళ్లు బతికాను. అత్త అంటే బాపుకు స్వయానా చెల్లెలు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. అయినా బాపు నా వైపు తిరిగి, "మీ అత్త చాయ్ తాగుతదేమో అడుగు" అనేవాడు. అత్త కూడా నా వైపే తిరిగి, "తాగుతనని చెప్పు, చక్కెర తక్కువెయ్యమను" అనేది. వినబడ్డ మాటనే మళ్లీ వినిపించడం నా ఉద్యోగం. ఎప్పుడైనా విసుగొచ్చి నోరు మూసుకుంటే ఇద్దరూ కలిసి నన్నే కోప్పడేవాళ్లు. అందులో మాత్రం అన్నాచెల్లెళ్లకు భలే పొత్తు.

దీనికంతటికీ కారణం అత్త తీసుకున్న బాప్తిస్మం. మా ఇల్లు సోలాపూర్లో, భవాని పేట్‌లో. ఇంటి వెనకే కార్ఖానా, అందులో మా సాంచాలు. మరమగ్గాలను మేము సాంచాలంటాం, వాటి మీద నేసే దుప్పట్లను చద్దర్లంటాం. తాతా నాయనమ్మా తొందరగా పోవడంతో అత్తను బాపే పెంచాడు, మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువుకు పంపాడు. అక్కడ చదువుకుంటూ ఆమె ఏసుప్రభువును నమ్మింది. ఆ సంగతి అన్నకు ఎలా చెప్పాలో తెలియక రేపు మాపు అంటూ ఉండగానే, నూలు అమ్మే సేటు దుకాణంలో నలుగురి ముందు బాపు చెవిన పడింది. "పరాయోళ్లు చెప్తె తెలుసుకున్న. ఇగ ఆమె గూడ నాకు పరాయిదే" అని ఇంటికొచ్చి అమ్మతో అన్నాడట. నేనప్పుడు చిన్నపిల్లను. ఆ తర్వాత చెల్లెలితో ఆయన నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు.

రాఖీ పున్నానికి అత్త తప్పకుండా వచ్చేది. బాపు చెయ్యి చాపేవాడు, మొహం మాత్రం గోడ వైపు తిప్పుకునేవాడు. ఆమె రాఖీ కట్టి, నా చేతిలో మిఠాయి పెట్టి వెళ్లిపోయేది. ఒకసారి గడపలో చెప్పులు వేసుకుంటూ, "మీ బాపు నన్ను ఒక్కపారి చెల్లె అని పిలిస్తె సాలు బిడ్డా, ఇంకేం వద్దు" అంది. ఆ రోజు నాకు బాపు మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయనకు అన్నం పెట్టను పొమ్మని అమ్మతో పంతం పట్టాను.

తర్వాత సముద్రం అవతల ఎక్కడో ఆఫ్రికా ఒడ్డున పెద్ద తుఫాను వచ్చింది. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోవడం టీవీలో చూశాం. అత్త వాళ్ల సంఘం అక్కడికి మందులనూ మనుషులనూ పంపుతోంది. వాళ్లతో తానూ వెళ్తున్నానని చెప్పడానికి అత్త కార్ఖానాకే వచ్చింది. బాపు వంగి, తెగిన పోగులు అతుకుతున్నాడు. తలెత్తలేదు.

"ఈ వయసుల గంత దూరం ఏం పని? సోలాపూర్ల రోగాలు లేవా? అడుగు."

అడిగాను.

"పిలుపొచ్చింది, పోవాలె అని చెప్పు" అంది అత్త.

"పిలిచినోడు తిండి వెడతడా అడుగు."

అత్త నవ్వింది. బాపు నవ్వలేదు. ఆమె వెళ్లి గల్లీ మలుపు తిరిగాక, "పైలంగ ఉండుమను" అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ఆ మాట అందించి, రొప్పుతూ తిరిగొచ్చాను.

"ఏమన్నది?"

"ఏమనలే బాపూ. ఏడుస్తున్నది."

అత్త వెళ్లాక సాంచాల చప్పుడు నాకు వేరేగా వినిపించడం మొదలైంది. నేను సముద్రం చూడలేదు. అయినా మధ్యాహ్నం పూట నూలు కండెల గంప పక్కన ఒరిగితే, ఆ చప్పుడులో అలలు వచ్చి పోతున్నట్టే ఉండేది. కిటికీలోంచి పడే ఎండలో దూది నూగు తేలుతూ ఉండేది, అది నురగ అనుకునేదాన్ని. కళ్లు మూతపడేవి. తెల్లచీర కట్టుకున్న అత్త మందుల పళ్లెం పట్టుకుని నీళ్ల మీద నడిచి వెళ్తుండేది. నీళ్ల మీద నడవడం వాళ్ల దేవుడి పని అని ఆమే నాకు కథ చెప్పింది. కానీ నా కలలో ఎప్పుడూ అత్తే నడిచేది, కాళ్లు కూడా తడిసేవి కావు. అమ్మ వచ్చి లేపితే ఒక్క క్షణం ఏ ఊళ్లో ఉన్నానో తెలిసేది కాదు.

ఒకరోజు నా ఫోనుకు అత్త వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఈడ వాన తెరిపిస్తలేదు బిడ్డా, మస్తు చలి. ఇండ్లు పోయినోళ్లంత చర్చిల నేల మీదనే పండుకుంటున్నరు. పొద్దంత దవాఖాన పని, పొద్దూకినంక ప్రార్థన. కప్పుకునేటందుకు మాత్రం ఏం లేదు. మన చద్దర్లుంటె ఎంత మంచిగుండు! మీ బాపును అడుగు. లౌకర్, జల్ది పంపాలె."

బాపుకు వినిపించాను. మళ్లీ పెట్టమన్నాడు. విని, లేచి, వ్యాపారి కోసం దొంతర్లు పెట్టిన ఎర్ర చద్దర్లను కిందికి దించడం మొదలుపెట్టాడు. నెమళ్ల డిజైనువి, అప్పుడే సాంచా మీద నుంచి కోసినవి. "గోనెసంచులు తేపో" అన్నాడు. ఆ తర్వాత చద్దర్లు అడుగుతూ గల్లీలోనూ చుట్టాల దగ్గరా ఇల్లిల్లూ తిరిగాడు. దాజీ పేట్‌లోని మా చుట్టం ఒకాయన, "వాళ్ల దేవుని పనికి మనమెందుకియ్యాలె?" అని గొణిగాడు.

"ముచ్చట వద్దు. ఇస్తవా, ఇయ్యవా?" అన్నాడు బాపు.

ఆయన ఇచ్చాడు, గొణుగుతూనే ఇచ్చాడు. అందులో ఒకటి అంచు చెడిపోయినది ఉంటే బాపు తీసి ఆయన ఒళ్లోనే వేశాడు. "డామేజ్ మాల్ నీ దగ్గరనే వెట్టుకో. సోలాపూర్ ఇజ్జత్ పోతది."

అమ్మా నేనూ మడతలు పెట్టాం. మిషన్ వాళ్ల బండి వచ్చి మూటలు తీసుకుపోయింది. అక్కడి నుంచి ముంబై, ముంబై నుంచి ఓడ. అవి చేరేదాకా నాకు ఒకటే కల. చద్దర్లన్నీ నీళ్ల మీద పరుచుకుని మెల్లగా పోతుండేవి, వాటి మీది నెమళ్లు మెడలెత్తి ఒడ్డు వచ్చిందా అని చూస్తుండేవి. పొద్దున చెబితే బాపు నవ్వి ఊరుకునేవాడు. కానీ, "నెమళ్లు యాడిదాక వోయినయి?" అని మర్నాడు తనే అడిగేవాడు.

చద్దర్లు చేరాక అత్త ఫోను చేసిన రోజు పేట్ అంతా కరెంటు లేదు. సాంచాలన్నీ ఆగితే మా గల్లీ మా గల్లీలా ఉండదు. పావురాల కువకువ, పక్కింటి ముసలాయన దగ్గు, ఎక్కడో కుక్కరు కూత, అన్నీ కొత్తగా వినిపిస్తాయి. బాపు గడపలో కూర్చుని ఏమీ తోచక అరచేతులు చూసుకుంటున్నాడు. నేను ఫోను స్పీకరు మీద పెట్టాను.

"మీ బాపుకియ్యి" అంది అత్త. ఆ గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

"చెప్పు అత్తా, నేను చెప్త" అన్నాను అలవాటు కొద్దీ.

"నువ్వు గాదు! మీ బాపుకియ్యి!"

బాపు ఫోను అందుకుని పాము పిల్లను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

"ఏం చద్దర్లు పంపినవన్నా? పొద్దుగాల చర్చి కప్పు కురిసి అన్ని తడిసినయ్. ఒక తల్లి ఒర్రుకుంట ఉరికొచ్చింది. చేతుల పిల్ల, నీ చద్దర్ల చుట్టిన పిల్ల, పెయ్యంత ఎర్రగ! నెత్తురనుకున్న. మొత్తం తడిమి జూసిన, యాడ తెగిందో దొరకది. పిల్ల వోతదేమో ప్రభువా అని మొత్తుకున్న. తీరా జూస్తె రంగు! ఉప్పునీళ్లల్ల నానవెట్టాలె అని ఒక్క మాట చెప్పొద్దా?"

మా గడపలో ఎవరు చద్దరు కొన్నా బాపు దండకంలా చదివే మాట అది. ఎర్రరంగు మొదటిసారి దిగుతుంది, కప్పుకునే ముందు ఉప్పునీళ్లలో ఒక రోజు నానబెట్టి ఉతకండి, అని. కొన్నవాళ్లు మెట్లు దిగిపోతున్నా వెనక నుంచి కేకేసి మరీ చెబుతాడు. అన్ని మూటలు కట్టాం, ఆ ఒక్క మాట చెప్పాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

బాపు మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ల తర్వాత చెల్లెలితో నేరుగా నోరు విప్పడమే అరుపుతో విప్పాడు.

"నీకు జెప్పాల్నా? కొనుక్కపొయ్యేటోళ్లకు చెప్తం. మనింటి ఆడివిల్లకు ఎవలన్న చెప్తరా? ఈ సాంచాల నడుమ పుట్టి పెరిగినదానివి, నీకు తెల్వదా?"

బాపు ఫోనును దగ్గరికి తెచ్చుకున్నాడు. తన నోటి నుంచి ఏం వచ్చిందో ఆయనకు అప్పుడే వినబడినట్టుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గోడకానుకుని నిలబడింది. సముద్రం అవతలి వాన చప్పుడు మా గడపలో సన్నగా వినిపిస్తోంది.

"నాకు యాదికే రాలేదన్నా" అంది అత్త చివరికి. ఏడుస్తోంది.

బాపు భుజం మీది తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"పిల్ల మంచిగున్నది గద, బస్ ఝాలా, గంతే సాలు. ఉప్పు మస్తుగ వెయ్యి" అన్నాడు. "నానినంక పిండుడు మాత్రం నువ్వు వెట్టుకోకు, చెల్లె. తడిస్తె మస్తు బరువుంటయ్."