సెగుందా, తెర్సా, రెండో నైటు

పోర్చుగీసు మాట్లాడే దేశం ఏదీ నేను చూడలేదు. చూసే యోగం ఉందని కూడా అనుకోను. అయినా ఆ ఏడాదంతా రాయచూరులో మేడమీది గదిలో కూర్చుని, ఆ భాషవాళ్ళు "రేపు" అనే మాటను ఎన్ని రకాలుగా తప్పు రాస్తారో కనిపెట్టడమే నా ఉద్యోగంగా ఉండేది. బెంగళూరు కంపెనీ ఒకటి నాకు ఇంటినుంచే చేసుకునే పని ఇచ్చింది. బ్రెజిల్‌లో సెలూన్లవాళ్ళూ పళ్ళ డాక్టర్లూ వాడుకునే అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేరు అది. ఎవరో "వచ్చే మంగళవారం మధ్యాహ్నం మూడింటికి" అని టైపు చేస్తే, అది ఏ తేదీయో, ఏ గంటో సాఫ్ట్‌వేరు తనంతట తాను తెలుసుకోవాలి. దానికి ఆ మాటలు నేర్పే పని నాది.

వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. అమన్యా అంటే రేపు. దాని చివరి అక్షరం నెత్తిమీద చిన్న వంకర గీత ఉండాలి. ఫోన్లో టైపు చేసే మనిషికి ఆ గీత పెట్టే ఓపిక ఉండదు. తెర్సా అంటే మంగళవారం, దాని నడుమ అక్షరానికి కింద ఒక తోక. అదీ పెట్టరు. ఏడున్నరను మనలాగే ఏడూ సగం అంటారు. పావు తక్కువ ఎనిమిదిని ఎనిమిదికి పదిహేను అంటారు. మద్రుగాదా అని ఒక మాట ఉంది, అర్ధరాత్రి దాటాక తెల్లవారేదాకా ఉండే వేళంతా అదే. రెండు వారాలను పదిహేను రోజులంటారు. అది ఒక్కటే నన్ను ఏడిపించలేదు, మన ఇళ్ళలోనూ పదిహేను రోజులంటే పద్నాలుగే కాబట్టి. ఒక మాటకు నియమం రాస్తే ఇంకో మాట చెడేది. దాన్ని బాగుచేస్తే మొదటిది మళ్ళీ మొరాయించేది. సాయంత్రానికి నా తల దిమ్మెక్కిపోయేది, రేపు ఏమిటో ఎల్లుండి ఏమిటో నాకే తెలియనంతగా.

దానికి తోడు ఎండాకాలం, కరెంటు కోతలు. కరెంటు పోయినప్పుడల్లా అమ్మ కింది నుంచి నాన్న మీద విరుచుకుపడేది. "ఇన్నేండ్లు కరెంటు తయారు చేసినవ్ గద, మన ఇంటికి ఇంత తెచ్చుకోకపోతివి!" నాన్న నవ్వి విసనకర్ర అందుకునేవాడు. అమ్మ మేడమీదికి మజ్జిగ తెచ్చి నా స్క్రీను వైపు అనుమానంగా చూసేది.

"ఏ దేశపోల్ల పంచాంగం రాస్తున్నవే నువ్వు?"

"బ్రెజిల్‌ వాళ్ళది."

"వాళ్లకు వాళ్ల దినాలు తెల్వదా ఏంది? నువ్వు చెప్పాల్నా?"

నేను మజ్జిగ తాగి గ్లాసు ఆమె చేతికిచ్చాను.

వాళ్ళ వారాల సంగతి మాత్రం నాకు మొదటి రోజునే నచ్చింది. శనికీ ఆదికీ పేర్లున్నాయి గాని, మధ్యలో ఐదు రోజులకూ అంకెలే. సోమవారం సెగుందా, అంటే రెండోది. మంగళవారం తెర్సా, మూడోది. బెంగళూరులో నాతో పనిచేసే పిల్ల దీన్ని చూసి తల పట్టుకుంది, రోజులకు అంకెలేమిటి అని. నాకు అది వింత కాలేదు. నేను పెరిగిన ఇంట్లోనూ రోజులకు అంకెలే ఉండేవి.

నాన్న శక్తినగర్ థర్మల్ ప్లాంటులో, కంట్రోల్ రూములో బాయిలర్ డెస్క్ ఆపరేటరు. రెండు రోజులు పొద్దుటి షిఫ్టు, రెండు రోజులు మధ్యాహ్నం, రెండు రోజులు రాత్రి, ఆపైన రెండు రోజులు ఆఫ్. మళ్ళీ మొదటికి. లోకానికి వారం ఏడు రోజులైతే క్వార్టర్స్‌లో మాకు ఎనిమిది. అందుకని సోమ, మంగళ అనే పేర్లు మాకు పనికి వచ్చేవి కావు. మొదటి మార్నింగు, రెండో మార్నింగు, మొదటి నైటు, రెండో ఆఫ్, ఇవే మా వారాలు. గిల్లేసూగూరు నుంచి మేనత్త ఆదివారం భోజనానికి రమ్మని ఫోన్ చేస్తే అమ్మ, "ఆదివారం సంగతి నాకెర్క లేదొదినా, రెండో ఆఫ్ నాడైతే వస్తం" అనేది. మేనత్త ఎన్నోసార్లు కోపగించుకుంది. ఉగాది ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో భక్ష్యాలు నాన్న ఆఫ్ నాడే అయ్యేవి. నైటు డ్యూటీ చేసి వచ్చిన పగటిపూట ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు, రేడియో పెట్టకూడదు, నవ్వు వచ్చినా నోరు మూసుకుని పెరట్లోకి పోయి నవ్వాలి. ముప్పై ఏళ్ళకు పైగా నాన్న అలా బతికాడు, ఆయన వెనక మేమూ అలాగే బతికాం.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి రాయచూరులో అద్దె ఇంటికి వచ్చాం. కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత చిన్న చిన్నవి మొదలయ్యాయి. పొద్దున పేపరులో చదివిన వార్తను మధ్యాహ్నం కొత్తగా చెప్పేవాడు. మోటారు వేసి మరిచిపోతే ట్యాంకు నిండి నీళ్ళు వీధిలోకి పారేవి. ఒకరోజు గంజ్ బజారుకు ఉల్లిగడ్డలకని వెళ్ళి ఎంతకీ రాలేదు. చివరికి ఉల్లిగడ్డల కొట్టాయనే బండి మీద తీసుకొచ్చి దింపాడు. ఇంటికి దారి తెలియక చౌరస్తాలో నిలబడిపోయాడట. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మేం ఏమీ అనకపోయినా సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడటం చూడలేక నేను మేడమీదికి వెళ్ళిపోయాను.

మర్నాడు అమ్మ నా దగ్గరికి వచ్చి గడప మీద కూర్చుంది. "దవాఖానకు తీస్కపో. ఏం లేదనిపించుకొని రా," అంది.

చూపించుకుని రా అనలేదు. ఏమీ లేదనిపించుకుని రమ్మంది. నాకు కావలసిందీ అదే. వయసు వల్ల వచ్చే మరుపే, ఇంతకంటే ఏమీ లేదు అని ఒక డాక్టరు నోటి నుంచి వినాలి. కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు. మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దామె తన కొడుకునే ఎవరు బాబూ నువ్వు అని అడిగేది. నాన్న పోతాడన్న భయం కంటే, ఇంట్లోనే ఉండి మమ్మల్ని ఎవరని అడుగుతాడన్న భయం నన్ను ఎక్కువగా తినేసింది.

డాక్టరు నా ఈడువాడే. మాట నెమ్మది. కన్నడంలో మొదలుపెట్టాడు. పేరు అడిగాడు, నాన్న చెప్పాడు. ఊరు చెప్పాడు. వంద నుంచి ఏడేసి తీసేయమంటే డాక్టరు కంటే వేగంగా తీసేశాడు. నా భుజాల బరువు కొంచెం దిగింది.

"ఇవత్తు యావ వార, సర్?" అన్నాడు డాక్టరు, ఇవాళ ఏ వారం అని.

నాన్న తడుముకోలేదు. "రెండో నైటు," అన్నాడు.

డాక్టరు పెన్ను ఆగింది. "ఏం వారమన్నరు సర్?" అని ఈసారి తెలుగులో అడిగాడు.

"రెండో నైటు సార్," అన్నాడు నాన్న, ఇంత చిన్న విషయం రెండుసార్లు చెప్పాలా అన్నట్టు.

డాక్టరు కాగితం మీద ఏదో కొట్టివేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఏడాదిగా నేను చేస్తున్న పని ఇదే కదా. సాఫ్ట్‌వేరుకు ఒక మాట తెలియకపోతే టైపు చేసిన మనిషిని తప్పు పడతామా? మాట నేర్పని మనల్ని మనం అనుకోవాలి. ఎవరో సెగుందా అని రాస్తే, అంకె రాశాడు, వీడికి వారాలు తెలియవు అని తోసేస్తే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే ఉంది.

"ఆగండి డాక్టర్, అది తప్పు జవాబు కాదు," అన్నాను. గొంతు పెంచాననుకుంటాను, బయట కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి చూశారు. షిఫ్టుల సంగతి చెప్పాను. ఎనిమిది రోజుల చక్రం చెప్పాను. మా ఇంట్లో ఎవరినడిగినా వారం ఇట్లాగే చెబుతారు, మా అమ్మను పిలిచి అడగండి అన్నాను.

"సరే. అయితే ఇవాళ నిజంగ రెండో నైటేనా?" అన్నాడు డాక్టరు. వెటకారం లేదు ఆ మాటలో, తెలుసుకోవాలనే అడిగాడు.

అది లెక్క కట్టవచ్చని అప్పుడు తట్టింది. ప్లాంటులో చక్రం ఆగదు, ఎవరు రిటైరైనా అది తిరుగుతూనే ఉంటుంది. నాన్న చివరి డ్యూటీ రెండో మార్నింగు, ఆ తేదీ నాకు గుర్తుంది. అక్కడి నుంచి ఇవాళ్టి వరకు రోజులెన్నో ఫోన్లో చూసి ఎనిమిదితో భాగించాను. నాలుగు మిగిలింది. రెండో మార్నింగు తర్వాత రెండు మధ్యాహ్నాలు, ఆ తర్వాత మొదటి నైటు, నాలుగోది రెండో నైటు.

మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

కుర్చీలోంచి లేచి గంతులేయాలనిపించింది. అన్నేళ్ళ తర్వాత, కాగితం లేకుండా, క్యాలెండరు లేకుండా, మా నాన్న ఒక్క రోజు కూడా తప్పకుండా లెక్క పెట్టుకుంటూ వచ్చాడు. ఇట్లాంటి మనిషికి మతిమరుపు అంటారా? అమ్మకు ఫోన్ చేసి చెప్పాలని వేలు అప్పటికే ఆమె నంబరు మీద ఉంది. ఫోను డాక్టరుకు చూపించి, "చూడండి, సరిగ్గా చెప్పారు," అన్నాను. నాన్న నా వైపు చూసి నవ్వాడు, పరీక్షలో పిల్ల పాసయినప్పుడు నవ్వినట్టు.

డాక్టరు ఫోను చూశాడు, తల ఊపాడు. "లెక్క కరెక్టే మేడమ్," అన్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "సర్, మరి ఇక్కడి నుంచి పోయి ఏం చేస్తరు?" అని అడిగాడు.

"పోయి పండుకోవాలె సార్," అన్నాడు నాన్న కళ్ళు నులుముకుంటూ. "రాత్రంత నిద్ర లేదు. మళ్ల పది గంటలకు డెస్క్ మీద ఉండాలె గద."

డాక్టరు నా వైపు చూడకుండా రాసుకుంటూ పోయాడు. నేను ఫోను సంచిలో పెట్టుకున్నాను. స్కానింగుకు రాసిచ్చాడు, మాత్రలు రాసిచ్చాడు, ఆయన్ను ఒక్కరినే బయటికి పంపకండి అని తలుపు దగ్గర నాకు మెల్లగా చెప్పాడు. అన్నిటికీ సరే అన్నాను. నాకు అంత అలసట ఇంతకు ముందెన్నడూ తెలియదు. మెట్లమీదనే కూర్చుండిపోతే బాగుండుననిపించింది.

రోడ్డు మీదికి వచ్చాక నాన్న నా చెయ్యి పట్టుకుని తొందరపెట్టాడు. "జల్ది ఆటో పిలువు బిడ్డా. ఇంత పొద్దు ఇక్కడనే అయిపోయె. నిద్ర లేకుంట డ్యూటీ చేసుడు మంచిది గాదు."

"పోదాం నాయినా. తొందరేం లేదు."

"లేకేంది? మధ్యాహ్నం షిఫ్టాయన నాకోసం చూస్తుంటడు. నేను పోయి కూసుంటెగాని ఆయన కుర్చీ ఇడిసి లెవ్వరాదు. ఆయనకు చిన్న పిల్లలున్నరు ఇంట్ల."

ఆ మధ్యాహ్నం షిఫ్టు ఆయన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఆయన ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్ళయింది. అదంతా చెప్పేటంత శక్తి నాలో లేదు. ఊరుకుందామనుకున్నాను. కాని నాన్న ముఖంలో అంత కంగారు ఉంది. ఎవరో ఒక మనిషి తనవల్ల ఇంటికి పోలేక కూర్చుని ఉన్నాడన్న కంగారు. దాన్ని రాత్రి దాకా ఆయన మోయడం నేను చూడలేను.

"ఫికర్ చేయకు నాయినా," అన్నాను, ఆయన మాటలోనే. "నీ జాగల వేరేటాయన వచ్చిండు. డెస్క్ ఆయన చూసుకుంటున్నడు."

నాన్న నడక ఆపాడు. నా చెయ్యి మాత్రం వదలలేదు.

"ఎప్పటిసంది?" అన్నాడు.

ఆ తేదీ నాకు తెలుసు. అరగంట కింద దానిమీద భాగహారం కూడా చేశాను.

"ఇయ్యాల్టిసందే, నాయినా," అన్నాను.