ఖైరున్ అక్క పరిచిన నల్ల దుప్పటి

2023 మొదట్లో కడపలో ఒక టైల్స్ షోరూమ్ పై అంతస్తు అద్దెకు తీసుకుని పిలాటీస్ క్లాసు పెట్టాను. అప్పటికి ఫిజియోథెరపిస్టుగా పదహారేళ్లు పని చేసి ఉన్నాను. నా పనేమిటో మా బంధువులకు చెప్పి చెప్పి విసిగిపోయాను. వాళ్ల దృష్టిలో నేను కాళ్లు పట్టే డాక్టరమ్మను. పిలాటీస్ అంటే ఏమిటో చెప్పడం ఇంకా కష్టం. చాప మీద పడుకునో కూర్చునో, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ, పొట్ట లోపలి కండరాలనూ వెన్నునూ మెల్లగా పనిలోకి తెచ్చే వ్యాయామం అది. యోగాలాంటిదేనా అని అడిగితే, ఓపిక లేని రోజున అవునని చెప్పేసేదాన్ని.

నాది మిక్స్‌డ్ ఎబిలిటీ క్లాసు. అంటే బలమున్నవాళ్లూ లేనివాళ్లూ, పడుచువాళ్లూ పెద్దవాళ్లూ ఒకే గదిలో ఉంటారు. ఒకే వ్యాయామాన్ని ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకు మార్చి చేయించాలి. బోర్డు మీద రాసుకోవడానికి బాగుంటుంది. చేయించాలంటే మాత్రం ఎదుటి మనిషి ఒంట్లో ఏముందో తెలియాలి.

అది తెలుసుకోవడానికి బెంగళూరు ట్రైనింగ్‌లో నాకొక పద్ధతి నేర్పారు. దాని పేరు షేరింగ్ సర్కిల్. కొత్తగా ఎవరైనా చేరినప్పుడు అందరం గుండ్రంగా కూర్చుని, ఎవరి ఇబ్బంది వాళ్లు పైకి చెప్పుకోవాలి. అందరూ చెబితే ఎవరికీ సిగ్గుండదని సిద్ధాంతం. నాకు అది తెగ నచ్చింది. మొదట నేనే నా మెడనొప్పి గురించి చెప్పి మొదలుపెట్టేదాన్ని. తర్వాత రిటైరైన బస్సు కండక్టర్ సుబ్బరాయుడు గారు మోకాళ్ల గురించి, వాలీబాల్ ఆడే ప్రవల్లిక మడమ గురించి, ఇంకో ఇద్దరు తమ బరువు గురించి చెప్పేవాళ్లు. ఆ గుండ్రంలోకి ఆరో మనిషిగా ఖైరున్ అక్క వచ్చింది.

ఆమెకు యాభై ఐదేళ్లుంటాయి. చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి ఇస్తుంది. సమస్య ఏమిటని అడిగితే, "నడుం నొప్పిమా. ముప్పై ఏండ్లు మిషను తొక్కితి గదా," అంది.

"నొప్పి తగ్గినాక ఏం చేయల్లని ఉండాదక్కా?" అని అడిగాను. ఇదీ ట్రైనింగ్‌లో నేర్పిన ప్రశ్నే.

ఆమె ఆలోచించలేదు. "రంజాన్ నెలలో మా వీధి ఆడోళ్లంతా ఒక ఇంట్లో కలిసి నమాజు చేస్తాం. రెండేండ్ల నుంచి నేనొక్కదాన్నే ఎనక కుర్చీలో కూర్చోని చేస్తాండా. ఈ తూరి వాళ్లతో పాటు వరసలో నిలబడల్ల. నుదురు కింద ఆనించి సజ్దా చేయల్ల. అంతే."

"రంజాన్‌కు ఇంకా రెండు నెలలుండాయి. నేను చేపిస్తా," అన్నాను. సుబ్బరాయుడు గారు చప్పట్లు కొట్టారు. చేరేవాళ్ల ఆరోగ్య వివరాల ఫారం కూడా ఆ గుండ్రంలోనే, ఆయన ఇచ్చిన పెన్నుతోనే నింపించాను. అందులో మూత్ర సంబంధమైన ప్రశ్న ఒకటి ఉంది. ఆమె దాని ఎదురుగానూ, మిగతా అన్నిటి ఎదురుగానూ 'లేదు' అని రాసింది.

అక్క ఎప్పుడూ ముదురు రంగు బట్టలే వేసుకొచ్చేది. ఇంటి నుంచి ఒక నల్ల దుప్పటి తెచ్చి, నాలుగు మడతలు వేసి చాప మీద పరిచేది. గుడ్డ జారుతుంది, పడతావు, తీసెయ్ అని మొదటి వారమే చెప్పాను. తీసేసింది. మరుసటి రోజు మళ్లీ తెచ్చింది. మళ్లీ తీయించాను. క్లాసులో నియమం అందరికీ ఒకటే అని కూడా అన్నాను.

ఇంకొకటి కూడా గమనించాను. హండ్రెడ్ అనే వ్యాయామం ఉంది. వెల్లకిలా పడుకుని, తలా కాళ్లూ పైకెత్తి, చేతులు ఆడిస్తూ నూరు లెక్కపెట్టాలి. పొట్ట మీద బాగా ఒత్తిడి పడుతుంది. అది మొదలయ్యే సమయానికి అక్క లేచి బాత్‌రూమ్‌కు వెళ్లేది. మేము డెబ్బై, ఎనభై లెక్కలో ఉండగా వచ్చేది. తప్పించుకుంటోందని అనుకున్నాను. ఇంతేనా నా చదువు అని ఇప్పుడు తిట్టుకుంటే ఏం లాభం?

ఒకరోజు ఆమె లేస్తుంటే నవ్వుతూ అనేశాను. "ఏమక్కా, నేను 'ఒకటి' అనంగానే నీకు బాత్‌రూం గుర్తొస్తాదే?"

అందరూ నవ్వారు. సుబ్బరాయుడు గారు గట్టిగా నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వి, వెళ్లకుండా వచ్చి చాప మీద పడుకుంది. ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రబడేదాకా నూరూ లెక్క పూర్తి చేసింది. "భేష్ అక్కా," అన్నాను. ఆ రోజు నుంచి బాత్‌రూమ్‌కు లేవడం మానేసింది. నా మాట పనిచేసిందని పొంగిపోయాను. పది రోజుల తర్వాత క్లాసుకు రావడమే మానేసింది. ఫోన్ చేస్తే తీయలేదు. కష్టమనేసరికి మనవాళ్లు ఇంతేనని మిగతావాళ్లతో అన్నాను కూడా.

రంజాన్ అయిపోయింది. మే నెలలో నాకొక చీరకు ఫాల్ కుట్టించాల్సి వచ్చి ఆమె ఇంటికి వెళ్లాను. చీర పని లేకపోతే వెళ్లేదాన్ని కాదు. ముందుగదిలో మిషను, పక్కన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో ఆ నల్ల దుప్పటి మడతపెట్టి ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"రంజాన్‌లో వరసలో నిలబడితివా అక్కా?"

"లేదుమా. కుర్చీనే."

"నడుం తగ్గలేదా?"

ఆమె నా చీర అంచు సరిచూస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "నడుం ఎప్పుడూ నొయ్యలేదుమా."

తర్వాత మెల్లగా మొత్తం చెప్పింది. వంగితే మూత్రం చుక్క పడుతుంది. చుక్క పడితే, నమాజుకు ముందు కడుక్కుని తెచ్చుకున్న శుభ్రత, వాళ్లు వజూ అంటారు, పోయినట్టే. మళ్లీ కడుక్కోవాలి, మళ్లీ నిలబడాలి, మళ్లీ వంగగానే అదే పని. అందుకే కుర్చీ. ఎవరైనా అడిగితే నడుమని చెప్పేది. చాప పాడవకుండా దుప్పటి పరిచేది.

కటి అడుగున మూత్రసంచినీ గర్భసంచినీ మోసే కండరాలను పెల్విక్ ఫ్లోర్ అంటారు. అవి సడలితే ఇలా అవుతుంది. వాటిని బిగించే వ్యాయామం పిలాటీస్‌లోనే ఉంది. దాని మీద నేను ప్రత్యేకంగా కోర్సు చేశాను, సర్టిఫికెట్ క్లాసు గోడకే తగిలించి ఉంది. ఆమె దాని కిందే పడుకునేది. బలం లేని ఆ కండరాల మీద హండ్రెడ్ ఒత్తిడి పెట్టకూడదని కూడా నాకు తెలుసు.

"నాకు చెప్పింటే బాగుండేదక్కా."

"చెప్పల్లనే ఆ పొద్దు అందరికంటే ముందు వచ్చినా. నువ్వు ఆ కండక్టరాయనతో మాట్లాడుతాండావు. ఆయప్ప పక్కకు పోతే చెబుదామనుకుంటి. అంతలోకి అందరూ వచ్చిరి. ఆపైన నువ్వు ఆ బాత్‌రూం మాట అంటివి."

ఈరోజే మొదలుపెడదాం, ఇంటికే వచ్చి నేర్పిస్తాను, మూణ్ణెల్లలో తేడా తెలుస్తుంది అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"వద్దుమా. అంతకుముందు వంగితేనే పడుతుండె. నీ దగ్గర ఆ నూరు లెక్క చేసినంక నడిచినా పడతాండాది. డాక్టరమ్మ ఆపరేషన్ అంటాండాది. ఇంక నన్ను ఇడ్సిపెట్టు."

కోపంగా అని ఉంటే భరించేదాన్ని. ఆమె మామూలుగా అంది. సూదిలోకి దారం ఎక్కించుకుంటూ అడిగింది. "నీకు ఇద్దరు పిల్లోళ్లు గదా. నీకు ఎప్పుడూ లేదా?"

రెండో కాన్పు తర్వాత నుంచి నాకు ఉంది. తుమ్మినా, గట్టిగా నవ్వినా. నా వ్యాయామం నేనే సరిగ్గా చేయను. ఎనిమిదేళ్లుగా మా ఆయనకు కూడా చెప్పలేదు.

"ఉండాదక్కా."

"మరి ఆ పొద్దు గుండ్రంగా కూర్చున్నప్పుడు నువ్వేం చెప్పినావు?"

"మెడనొప్పి."

ఆమె తల ఊపింది. "చీర ఎల్లుండి ఇస్తా, పో," అంది.

ఇప్పుడు నా క్లాసులో షేరింగ్ సర్కిల్ లేదు. ఎవరు చేరినా ఒక్కరినే లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, ఆడవాళ్లయితే ముందు నా సంగతి చెబుతాను. మెడ సంగతి కాదు, అసలుది. అది విన్నాక చాలామంది కాసేపు గోడ వైపు చూసి, తమది చెబుతారు. చాపల పక్కన మడతపెట్టిన నల్ల దుప్పట్లు ఉంటాయి. కావాల్సినవాళ్లు పరుచుకుంటారు. జారకుండా కింద రబ్బరు పట్టీ కుట్టించాను. అది కుట్టించడానికి పట్టింది ఒక పూట.

ఖైరున్ అక్క మళ్లీ రాలేదు. మొన్న రంజాన్‌లోనూ వెనక కుర్చీలోనే కూర్చుందని వాళ్ల వీధి ఆవిడ చెప్పింది. నా మెడకు ఏ నొప్పీ లేదు. అప్పుడూ లేదు.