ఎడమ పాదము: తొమ్మిది నెలల పుండు

శ్రీరస్తు. దేహమిచ్చిన తల్లిదండ్రులకును, ఆ దేహమును నిలిపిన వైద్యులకును, వెలుగుతో పాటు ఆరోగ్యమును పంచు సూర్యనారాయణమూర్తికిని నమస్కరించి, పార్థివ నామ సంవత్సర కార్తీక శుద్ధ ఏకాదశి నాడు, బోధనులోని మా యింట కూర్చుండి ఈ మాటలు వ్రాయుచున్నాను. షుగరు వలన కాలికి పుండు పడినవారును, వారికి కట్లు కట్టి అలసినవారును దీనిని చదువవలెనని నా కోరిక.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పని చేసి విరమించినవాడను. చిత్రభాను సంవత్సరము మాఘ బహుళములో, అనగా 2003 ఫిబ్రవరి చివర, మా రెండెకరముల చెరకు నరికించిన మరునాడు, మడి చూచుటకు వెళ్ళినాను. నరికిన మోళ్ళ నడుమ గంటసేపు తిరిగి ఇంటికి వచ్చి ఎడమ చెప్పు విడువబోగా, అది కాలిని విడువలేదు. నా భార్య శారద గడపలో నిలిచి నేల వైపు చూచి, "ఏమండి, ఆ నెత్తురు ఎవరిది?" అని అడిగినది.

ఒక చెరకు మోడు చెప్పును చీల్చుకొని బొటనవ్రేలి మొదట దిగి, అక్కడనే విరిగి ఉన్నది. నాకు నొప్పి లేదు. నొప్పి లేనందుకు ఆనాడు సంతోషించినాను. పన్నెండేండ్లుగా ఉన్న షుగరు నా పాదములలోని స్పర్శను కొంచెము కొంచెముగా హరించినదని నాకు తెలియదు.

బోధనులో ఒక డాక్టరుగారు మోడు తీసి, ఇంజెక్షను ఇచ్చి, మాత్రలు వ్రాసినారు. ఏర్గట్ల నుండి బంధువులు పంపిన క్రొత్త పసుపు ఇంట ఉన్నది. దానిని నేతితో నూరి రోజూ పుండులో నింపినాను. పైన పెచ్చు కట్టినది, మానినదనుకొన్నాను. ఉగాది నాడు పంచాంగము చదువుచుండగా ఎదుట కూర్చున్న ఇద్దరు ముక్కులకు ఉత్తరీయములు అడ్డము పెట్టుకొన్నారు. ఎలుక చచ్చినదేమోనని శారద మూలలన్నియు వెదకినది. ఆ వాసన నా కాలిది.

నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఒక సర్జనుగారి ఆసుపత్రికి వెళ్ళినాము. ఆయన సన్నని నైలాను తీగతో నా పాదమును పది చోట్ల తాకి, "తెలుస్తుందా?" అని అడిగినారు. పది సార్లును తెలియలేదని చెప్పినాను.

"న్యూరోపతి," అన్నారు. "పల్స్ బాగానే ఉంది, రక్తం వస్తుంది. అది మీ అదృష్టం. కానీ ఎక్స్‌రేలో ఎముకకు ఇన్‌ఫెక్షన్ కనిపిస్తుంది. ఆస్టియోమైలైటిస్. బొటనవేలు తీసేయాలె."

చైత్ర మాసములో వ్రేలు తీసినారు. పుండు మాత్రము అరచేతి లోపలి పల్లమంత మిగిలినది. కుళ్ళిన మాంసమును కత్తితో గోకుటను అక్కడ డీబ్రైడ్‌మెంట్ అందురు. నా మాంసమును కోయుచుండగా నేను కన్నులు తెరచి చూచుచు, ఏమియు తెలియక పరుండియుంటిని. నొప్పి కన్న ఆ తెలియకపోవుట నన్ను ఎక్కువ భయపెట్టినది.

అప్పుడు సర్జనుగారు క్రొత్త చికిత్సలను గూర్చి చెప్పినారు. మొదటిది వాక్యూమ్ డ్రెస్సింగ్. స్పాంజిని పుండు కొలతకు కత్తిరించి లోపల నింపి, పైన పలుచని ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టము ద్వారా యంత్రముతో చీమును, నీటిని లాగుదురు. పండ్రెండు దినములు ఆ యంత్రము నా మంచము ప్రక్కన గురక పెట్టినది. విప్పి చూచునప్పటికి బూడిద వన్నె పోయి దానిమ్మ గింజల వలె ఎర్రని కణజాలము లేచియున్నది. "గ్రాన్యులేషన్. చాలా బాగుంది," అన్నారు. రెండవది గ్రోత్ ఫ్యాక్టర్ జెల్. దానిని చలువపెట్టెలో ఉంచి, పలుచగా పూయవలెను. ఇల్లు చేరి, వారమునకు మూడు మార్లు బస్సులో వచ్చి కట్టు మార్పించుకొనుట ఏర్పాటు. ఎడమ కాలు నేలకు ఆనరాదని, తప్పనిసరియైన నాలుగడుగులకు మడమ మీదనే బరువు పడునట్టి ప్రత్యేకమైన జోడు ఇచ్చినారు.

ఆ ఎర్రదనము చూచిన సంతోషములో నేను మ్రొక్కుకొన్నాను. పుండు మానుటకై కంఠేశ్వరములోని శివునికి రెండువేల నూటపదునారు ప్రదక్షిణములు. కట్టుకు వచ్చిన ప్రతి దినము, ముందుగా గుడికి పోయి నలుబదియొక్కటి. గుడిలో జోడు ఎట్లు? విడిచితిని. కట్టు తడియకుండ పాలిథిన్ సంచి చుట్టి, కాళ్ళు కడుగుకొని, రాతి పలకల మీద తిరిగితిని. లెక్క తప్పకుండ శారద మండపములో కూర్చుండి చింతగింజలు ఒక కుప్ప నుండి మరొక కుప్పకు జరుపుచుండెడిది. తరువాత ఆటోలో ఆసుపత్రికి.

"నడవడం లేదు కదా పంతులుగారు?" అని సర్జనుగారు ప్రతి సారి అడిగెడివారు.

"లేదండి," అని నేను చెప్పెడివాడను. అబద్ధమాడుచున్నానని నాకు తోచలేదు. ప్రక్కన ఉన్న శారదకును తోచలేదు.

జ్యేష్ఠమంతయు పుండు నిలిచిన చోటనే నిలిచినది. ఆషాఢములో అంచులు తెల్లబడి లోనికి తొలిచినది. జెల్ మార్చినారు, యాంటీబయాటిక్ మార్చినారు. నా యొద్ద ఛందస్సు నేర్చుకొనుటకు వచ్చు నలుగురు ఒకరి తరువాత ఒకరు మానినారు. వారిని తప్పు పట్టను. సంధ్య వార్చుటకు కూర్చున్నచో నా వాసన నాకే తగిలి మంత్రము మరచెడివాడను. దేహములో ఒక భాగము నా కన్న ముందు చచ్చి, నన్ను తనతో లాగుచున్నదని ప్రతి ఉదయము తోచెడిది.

శ్రావణములో ఒక గురువారము నాడు పాదము మీదికి వాపు ఎక్కినది. సర్జనుగారు చాలసేపు చూచి కుర్చీ దగ్గరకు జరుపుకొన్నారు.

"ఇంక ఆలస్యం చేయలేను. బిలో నీ ఆంప్యుటేషన్, మోకాలి కింద కాలు తీసేయాలె. సోమవారం అడ్మిట్ కండి. ఇది ప్రాణం మీదికి వస్తుంది."

బయటికి వచ్చినాము. శారద ఆటో పిలువబోగా వారించి, గుడికి నడిచినాను. ఆ దినము నలుబదియొక్కటి కాదు, నూట ఎనిమిది తిరిగినాను. కడపటి చుట్లలో సంచియు, లోపలి కట్టు అడుగును చినిగి, రాతి మీద తడి అడుగులు పడినవి. నీరనుకొన్నాను.

నాలుగు దినములు నేను అన్నము ముట్టలేదు. ఆదివారము నాడు శారదతో, "సంతకము పెట్టను. కాలు లేని బ్రతుకు నాకు వద్దు," అన్నాను.

ఆమె బియ్యములో రాళ్ళు ఏరుచున్నది. తల ఎత్తలేదు. "మీకు వద్దు, సరే. నాకెవరు కావాలెనో నన్ను అడిగిండ్రా?" అన్నది. చేట ప్రక్కన పెట్టి సంచిలో నా బట్టలు సర్దినది.

సోమవారము నాడు కట్టు విప్పుటకు మేరమ్మ వచ్చినది. ఆమె ఆ ఆసుపత్రిలో కట్లు కట్టు నర్సు. మెథడిస్టు క్రైస్తవ కుటుంబపు మనిషి, నలుబదేండ్లుండును. లోపలి గాజుగుడ్డ తీయుచు ఆగి, చిమటాతో ఏదో పైకి ఎత్తినది.

"సారూ, గిదేంది?"

"బిల్వపత్రము," అన్నాను.

"ఆకు పేరు నాకెర్కనే. పుండులకు ఎట్ల వచ్చిందని అడుగుతున్న."

"గుడికి పోయినమమ్మా," అన్నది శారద.

"గుడికి పోతె మొక్కొచ్చు. ఎన్ని సుట్లు తిరిగిండ్రు?"

"మొన్న నూట ఎనిమిది," అన్నాను. "మామూలుగా నలుబదియొక్కటి."

"ఒక్క రోజేనా?"

"వచ్చినప్పుడెల్ల."

మేరమ్మ చిమటా పళ్ళెములో పెట్టినది. "ఉత్త కాళ్ళతోని?"

"గుడిల చెప్పులెట్ల వేస్తరమ్మా?" అన్నది శారద.

"డాక్టర్ సాబు నడుస్తున్నరా అంటె లేదు లేదంటిరి గద. నేను గీడనే నిలవడి ఇన్న."

"ప్రదక్షిణము నడక ఎట్లగును?" అన్నాను. నిజముగా అడిగినాను.

ఆమె నన్ను చూచినది, కోపపడలేదు. "దేవునికి సుట్లే సారు. పుండుకు మాత్రం అడుగులే. రెండు నెల్ల సంది రోజొక తీరు మందు మారుస్తున్నం, పరేషానైతున్నం. మీరేమో పొద్దుగాల్నే దాన్ని రాయి మీద నూరుకొని, మా తానికి వస్తుండ్రు."

సర్జనుగారిని పిలిచినది. ఆయన ఆ ఆకును చూచి, మేరమ్మ చెప్పినదంతయు విన్నారు. "తప్పు మందుదనుకున్నాను," అన్నారు. "గుడిలో ఎన్ని చుట్లు తిరిగారని నేనూ అడగలేదు." తరువాత మెల్లగా చెప్పినారు: "పది రోజులు మంచం దిగకుండా ఇంజెక్షన్లు. ఇన్‌ఫెక్షన్ తగ్గితే ప్లాస్టర్. టోటల్ కాంటాక్ట్ కాస్ట్. కాలంతా బరువు పంచుకుంటుంది, పుండు మీద పడదు. మీ ఇష్టానికి విప్పుకోలేరు కూడా. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, ఇంక మాటలుండవు. కాలు తీస్తాను."

ఆ ప్లాస్టరు వేయుటలో చేయి తిరిగినవాడు మేరమ్మకు అన్నయైన యోహాను. అతడు పని చేయునది కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో. అక్కడికి పోవలెననగానే నా ప్రాణము కుంచించుకొనిపోయినది. నాకు కుష్ఠు లేదు గదా అని రెండు సార్లు అన్నాను. ఇరుగుపొరుగు చూతురని శారద కొంగు తలమీదికి లాగుకొని ఆటో ఎక్కినది. ఈ మాట సిగ్గుతోనే వ్రాయుచున్నాను.

యోహాను నా పాదమును ఒడిలో పెట్టుకొన్నాడు. పేగు బంధువులు గాక నా కాలిని ఒడిలో పెట్టుకొన్న మొదటి మనిషి అతడే. "స్పర్శ పోయిన కాళ్ళకు గీ కట్టు మేము ఎన్నడో నేర్చుకున్నం సారు. షుగరోల్లు గిప్పుడిప్పుడే వస్తుండ్రు. మీరు జర లేటు," అని నవ్వినాడు.

బల్ల మీద నా ప్రక్కన లచ్చవ్వ అను ముసలామె కూర్చున్నది. పసుపు చేలలో కూలికి పోయినది, వ్రేళ్ళు మొద్దుబారియున్నవి. ఒడిలోని చిన్న అద్దమును అరికాలి క్రింద పెట్టి చూచుకొనుచున్నది.

"అయ్యగారూ, మాపటికి కాళ్ళు సూసుకుంటరా?" అని అడిగినది.

"నొప్పి పుట్టినచో చూచుకొందును."

ఆమె పండ్లు లేని నోటితో నవ్వినది. "నొస్తె మనమీడికెందుకొస్తం అయ్యా?"

మ్రొక్కు సగము మీద ఉండగా కూర్చుండిపోయినందుకు నాకు దిగులు పట్టినది. శారద చింతగింజల మూట చేతబట్టి, "మిగిలినవి నేను తిరుగుత. మీరు కూర్చోండి," అన్నది. ఆ వారము నుండియే మొదలుపెట్టినది.

మూడవ వారమున నాకు చలిజ్వరము వచ్చినది. రంపముతో ప్లాస్టరు కోయుచుండగా, కాలికి బదులు ఏమి బయటపడునోనని గోడ వైపు తిరిగితిని. జ్వరము మలేరియాదని రక్తపరీక్షలో తేలినది. పుండు సగమైనది. అయితే వాపు తీసి ప్లాస్టరు వదులై, చీలమండ మీద క్రొత్తగా ఒరిసి మరియొక పుండు పడినది. రెండు వారములు ప్లాస్టరు లేకుండ మంచము మీద పడియుండవలసి వచ్చినది. ఒక పుండుకు మందుగా వచ్చినది మరొక పుండు చేసినదని, ఇక దీనికి అంతము లేదని ఆ రెండు వారములలో నేను అనుకొనని దినము లేదు. ఒక సాయంకాలము యోహానుతో, "తీసివేయుమనరాదా," అన్నాను.

"తీసుడు ఒక పూట పని సారు. ఎన్నడన్న తీయొచ్చు. పెట్టుడు రాదు," అని అతడు నీళ్ళలో ప్లాస్టరు పట్టీలు నానబెట్టినాడు.

ఈ సారి ప్లాస్టరును వారము వారము మార్చినారు. స్వభాను సంవత్సరము కార్తీక మాసములో ఒకనాడు కోసి చూడగా, పుండు ఉన్న చోట గులాబి వన్నె పొర మాత్రమున్నది. సర్జనుగారు వచ్చి వ్రేలితో ఒత్తి చూచి, "మూసుకుంది," అన్నారు.

ఇప్పుడు నా జీవితము కాలి చుట్టు తిరుగుచున్నది. కుష్ఠువ్యాధి ఆసుపత్రిలోని చర్మకారుడు మెత్తని రబ్బరుతో కుట్టి ఇచ్చిన చెప్పులు లేక ఇంటిలో కూడ అడుగు పెట్టను. అందువలన గుడి లోనికి పోను. వీధిలో నిలిచి నమస్కరింతును. అది లోటుగానే ఉన్నది, లేదని చెప్పను.

చదువరులకు నా మనవి యొక్కటే. వాక్యూమ్, జెల్, ఇంకను క్రొత్తవి ఏవి వచ్చినను, పుండు మీద మీ బరువు పడుచున్నంత కాలము అవి పని చేయవు. కనుక డాక్టరుగారు "నడుస్తున్నారా" అని అడిగినప్పుడు, పొలములో నడిచినది, స్నానమునకు నడిచినది, దైవకార్యమునకు నడిచినది, ఏదియు విడువక అడుగులన్నియు చెప్పుడు.

తారణ సంవత్సరము ఫాల్గుణములో కుడి పాదమునందును స్పర్శ పోయినదని పరీక్షలో తేలినది. 2005 ఆగస్టులో ఆ మడమ పగిలి చిన్న పుండు పడగా, మరునాడే చూపించి ప్లాస్టరు వేయించుకొన్నాను. నాలుగు వారములకు మానినది. 2005 నవంబరు 12 నాటికి నాకు రెండు కాళ్ళును ఉన్నవి.