సున్నం బకెట్టు, బ్లూబెర్రీ మొక్క

ముప్పై ఏళ్లు కాలేజీ ల్యాబులో గాజు సీసాలు కడిగి రిటైరైన ఆవిడను అందరూ సీసాలమ్మ అనే పిలుస్తారు. ప్రయోగాలన్నీ పిల్లలవి, కడుగుడంతా ఈవిడది. ఇన్నాళ్లకు సొంత ప్రయోగం దొరికింది! డాబా మీద తొట్టెలో బ్లూబెర్రీ మొక్క. మూడేళ్లు కళ్లలో పెట్టుకుని పెంచితే ఈ ఏడే మొదటిసారి మొగ్గ తొడిగింది.

అలాంటిది, ఒకరోజు చూసేసరికి లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయి. ఈ మొక్కకు మట్టి పుల్లగా ఉండాలి, పీహెచ్ ఐదుకు అటూ ఇటూగా. తొట్టె అడుగున కారిన నీళ్లలో పరీక్ష కాగితం ముంచింది. ఏడున్నర! ఇలాగే వదిలేస్తే మొగ్గలు సరే, మొక్కే దక్కదు.

"ఏమయ్యా, నా మొక్కను నువ్వేమైనా చేశావా?"

ఆవిడ భర్త గోడలకు సున్నాలేసే మేస్త్రీ. ఛాతీ విరుచుకున్నాడు. "చెయ్యకేం? నీకు మోకాళ్ల నొప్పులని నెల్రోజులుగా నేనే నీళ్లు పోస్తున్నా."

"ఏ బకెట్టుతో?"

"ఇంకే బకెట్టు, నా పని బకెట్టే!"

సీసాలమ్మ నెత్తి కొట్టుకుంది. "కొంప ముంచావు కదయ్యా! దాన్నిండా సున్నమే! మట్టిలో పులుపంతా విరిచేశావు!" ఇంకా నాలుగు దులిపేసేదే గానీ, మోకాళ్ల మాట అడ్డమొచ్చింది.

ఇద్దరూ కలిసి మొక్కను తీసి, పాత మట్టి దులిపి, పీటు అనే పుల్లటి నాచుమట్టి కలిపిన పైన్ బెరడు ముక్కల్లో మళ్లీ నాటారు. "కుళాయి నీళ్లలోనూ సున్నమే. దీనికి వాన నీళ్లే కావాలి" అందావిడ. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. పూసిన సున్నాన్ని వాన కడిగేస్తే రోజు కష్టమంతా నేలపాలు. వానను తిట్టని రోజు లేదాయనకు.

సీసాల్లో దాచిన పాత వాన నీళ్లు మూడు వారాలు చుక్కచుక్కగా సరిపోయాయి. చివరి సీసా ఖాళీ అయిన మధ్యాహ్నం ఆకాశం ఉరిమింది. వీధి చివర గోడకు పూత వేస్తున్న మేస్త్రీ బ్రష్షు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. కొత్తగా కొన్న బకెట్లు ఆరూ డాబా మీద వరసగా పెట్టాడు.

"ఏమే, ఎక్కడున్నావు? వానొచ్చింది, రా!"

సీసాలమ్మ మోకాళ్లు మరిచిపోయి మెట్లెక్కింది. లేత ఆకులు పచ్చబడ్డాయి, మొగ్గలు నిలిచాయి. తొట్టె నుంచి కారిన నీళ్లలో కాగితం ముంచింది.

"ఐదు! ఐదయ్యా, ఐదు!" అని కేక పెట్టింది. అంతలోనే గుర్తొచ్చి, "అయ్యో, మరి నీ గోడ?" అంది.

మేస్త్రీ తడిసి ముద్దయి నవ్వుతున్నాడు.

"రేపు మళ్లీ వేసుకుంటానే. దంచి కొట్టనీ!"